జైసల్మేరులో మడినీళ్లు

గత సంక్రాంతి సెలవులలో మేము రాజస్థానమునందలి జైసల్మేరు పట్టణమును చూడబోయితిమి. తిరిగివచ్చిన పిదప ఇరుగుపొరుగు స్త్రీలు నన్నడిగిన ప్రశ్నలు రెండే. "ఒంటె నెక్కితివా?" అనునది మొదటిది, "నీళ్ల కేమి చేసితిరి?" అనునది రెండవది. ఒంటె సంగతి చెప్పుట కెక్కువ లేదు. ఎక్కితిని, భయపడితిని, దిగితిని. రెండవ ప్రశ్నకు మాత్రము వాకిట నిలుచుండి చెప్పదగిన సమాధానము నాయొద్ద లేకపోయెను. అందుకొఱకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మేముండునది అనంతపురము. వర్షము తక్కువగా పడు జిల్లాలలో జైసల్మేరు తరువాత మనదే యని ఇచ్చట తఱచుగా చెప్పుకొందురు. నేను పుట్టి పెరిగినది గోదావరి కాలువ గట్టున. కావున నీటి యెద్దడి యన నేమో కాపురమునకు వచ్చిన పిదపనే నేర్చుకొంటిని. నేర్చుకొంటినను గర్వము కూడ కొంత నాకుండెను. అనంతపురమున ఏడాదికి ఇంచుమించు 55 సెంటీమీటర్ల వాన కురియును. జైసల్మేరున 20 సెంటీమీటర్లకు అటునిటు మాత్రమే. ఈ లెక్క పుస్తకమున చదివినప్పుడు చిన్నదిగా కనబడినది. అచ్చట మూడు దినములుండగా నా గర్వము తీఱినది.

జోధపురమున రాత్రి రైలెక్కి తెల్లవారుసరికి జైసల్మేరు చేరితిమి. స్టేషను దాటి రాగానే ఊరి నడుమ కొండపై పసుపుపచ్చని కోట కనబడెను. మా చిన్నది దానిని చూచి "అమ్మా, బెల్లపు దిమ్మ!" అనెను. రావల్ జైసలుడను భట్టి రాజు 1156 లో త్రికూటమను ఆ కొండపై ఈ కోటకు పునాది వేసెనట. తొంబది తొమ్మిది బురుజులు, నాలుగు ద్వారములు, లోపల రాజగృహము, జైనాలయములు, వాని నడుమ వంకర టింకర సందులు. మన గండికోట, పెనుగొండ కోటలవలె ఇది పాడుపడి యుండలేదు. వేలకొలది జనులు నేటికిని అందులో పొయ్యి వెలిగించుకొని కాపురములు చేయుచున్నారు. సత్యజిత్ రాయి 1974 లో తీసిన 'సోనార్ కెల్లా' చిత్రము వలన వంగదేశీయులకు ఈ కోట ఇంటి మాట యైనది. 2013 లో మఱి యైదు రాజస్థాన గిరిదుర్గములతో పాటు దీనిని యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

కోట లోపలనే ఒక గృహస్థురాలి యింట రెండు గదులు మాకు కుదిరినవి. ఆ గృహిణి డెబ్బది దాటిన వృద్ధురాలు. అందఱును ఆమెను 'మాసా' యని పిలుచుచుండిరి. నేనును అట్లే పిలిచితిని. హిందీ పరీక్షలకు చదివిన నాలుగు మాటలు నాకు అక్కఱకు వచ్చినవి.

మఱునాటి యుదయమున జరిగిన సంగతి దాచక చెప్పెదను. రెండు రాత్రుల రైలు ప్రయాణపు మైల వదలలేదని నాకు మనస్సులో పీకుచుండెను. కుళాయి విప్పగా నీరు ధారగా వచ్చినది. తలస్నానము చేసితిని. మడిచీరను మూడుమార్లు జాడించి ఆరవేసితిని. ఆ చేతితోనే మావారి బట్టలు, పిల్లదాని బట్టలు తడిపి ఉతికితిని. తరువాత ఆ మేడపై నేలను కూడ కడిగితిని. మొత్తము తొమ్మిది బాల్చీలు. లెక్క నాకెట్లు తెలిసినదనగా, మాసా తలుపు చాటున నిలుచుండి లెక్కించినది.

ఆమె కోపపడలేదు. "బేటీ, అయినదా? అయినచో ఒక్కసారి నావెంట రమ్ము" అని కఱ్ఱ పట్టుకొని బయలుదేరినది. నాలుగు ద్వారములు దాటి కొండ దిగి, కోటగోడ అడుగు భాగమునకు నన్ను తీసికొనిపోయినది. పైన బంగారువన్నెతో మెఱయు రాయి అచ్చట నల్లబడి చెమ్మగిలి యున్నది. దానిపై ఉప్పు పూచినది. వ్రేలితో తాకగా పిండివలె రాలినది. ఆమె ఆ చెమ్మను చూపి, తరువాత తల యెత్తి మేము దిగిన మేడను చూపినది. మా చిన్నది బెల్లపు దిమ్మ యన్నమాట నాకప్పుడు వేఱొకవిధముగా స్ఫురించినది.

సంగతి ఏమనగా: ఈ కోట కట్టిన నాడు లోపలి జనులు వాడుకొను నీరు మిక్కిలి స్వల్పము. కోటలో కొన్ని బావులున్నను, స్త్రీలు దిగువనున్న గడీసర్ చెఱువునుండి బిందెలతో మోసి తెచ్చుకొనెడివారు. మోసిన నీటిని ఎవరును ఊరక పాఱబోయరు. సందులలోని సన్నని జలదారులు ఆ కొలది నీటికే ఏర్పడినవి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కుళాయిలు వచ్చినవి, పిమ్మట యాత్రికులు వచ్చిరి, ఇండ్లు బసలైనవి, ప్రతి గదికి ఒక స్నానపు గది యైనది. పైకి నీరెక్కించుట సులభమైనంతగా, వాడిన నీటిని క్రిందికి దింపుట సులభము కాలేదు. అది రాళ్ల సందులనుండి కొండలోనికి ఇంకినది. ఆ కొండ గట్టి రాయి మాత్రమే కాదు, లోపల మెత్తని మట్టిరాతి పొరలు కలవు. అవి తడిసి ఉబ్బి జరిగినచో మీది గోడ నిలువజాలదు. గడచిన శతాబ్దము చివర కొన్ని బురుజులు కూలినవి. అపాయములోనున్న కట్టడములను గూర్చి ప్రపంచ స్మారక నిధివారు 1996 లో మొదటిసారి ప్రకటించిన పట్టికలోనే ఈ కోట పేరు చేరినది. ఆ తరువాత మురుగుకాలువలను బాగుచేయు పనులు కొన్ని జరిగినవి. అయినను 2024 ఆగస్టులో పెద్ద వానకు గోడలో ఒక భాగము మరల పడిపోయినది.

నీరు లేని దేశమున కోట నీటివలననే కూలుచున్నదన్నమాట! ఇది నేను చదివిన ఏ ప్రబంధమునందును లేని విరోధాభాసము.

"ఇది నీ యొక్కతె వలన కాలేదు. నా యింటి నీరును ఇందులో ఉన్నది" అని మాసా నన్ను ఓదార్చినది. ఆమె కోడలై వచ్చిన నాడు దినమునకు రెండుసార్లు గడీసర్ వెళ్లి తలపై రెండేసి బిందెలు మోసితినని చెప్పినది. స్నానము చేయువారు మంచముపై కూర్చుండెడివారట. క్రింద పళ్లెము పెట్టి, ఆ నీటితో బట్టలు తడిపి, బట్టల నీటితో పశువుల కొట్టము తుడిచెడివారట. ఇత్తడి పాత్రలను నేటికిని ఆమె పొడి యిసుకతో తోమి బట్టతో తుడిచి పెట్టును, ఒక్క చుక్క నీరు వాడదు. ఆ పాత్రల మెఱుపు నా చింతపండు తోముడునకు రాలేదని ఒప్పుకొనుచున్నాను.

మనలో కొందఱు నన్నడుగవచ్చును: "మడి మాటయేమి? ఆచారము విడిచి యాత్ర లేమిటి?" అని. నేనును ఆ రాత్రి దీనినే ఆలోచించితిని. నాన్నగారు నాకు చెప్పిన చదువులో స్నానము ఏడు విధములు: మాంత్రము, భౌమము, ఆగ్నేయము, వాయవ్యము, దివ్యము, వారుణము, మానసము. నీటమునిగి చేయునది వారుణము, ఏడింటిలో ఒకటి మాత్రమే. భస్మముతో చేయునది ఆగ్నేయము, గోధూళితో వాయవ్యము, ధ్యానముతో మానసము. నీరు దొరకనివారిని, రోగులను, బాటసారులను మన పెద్దలు మఱువలేదు. మనమే, కుళాయి త్రిప్పిన నీరు వచ్చు దినములలో, మిగిలిన యాఱింటిని మఱచితిమి. మఱియొక ఉపాయము కలదు. నూలుచీర మడికి దినదినము తడుపవలెను. పట్టుబట్టకు, ధావళికి ఆ నియమము లేదు. మా అమ్మమ్మ కాశీ వెళ్లినప్పుడు ధావళి మడిచి పెట్టెలో పెట్టుకొనినది. నేను ఆమెకంటె ఎక్కువ చదివితినని అనుకొని నాలుగు నూలుచీరలు తీసికొనిపోయితిని.

ఇక బస విషయము. కోటలోనే యుండవలెనా, దిగువకు పోవలెనా? మావారు దిగువకు పోవుటయే న్యాయమనిరి. నేనును ఔనంటిని. కాని మాసాతో చెప్పగా ఆమె ముఖము చిన్నబోయినది. అద్దె కిచ్చిన ఆ రెండు గదుల మీదనే ఆమె సంసారము నడుచుచున్నది. "అతిథి వచ్చినచో గోడకు చేటు, రానిచో పొయ్యికి చేటు" అని మెల్లగా అన్నది. చివరకు బస కోట దిగువన ఆమె చెల్లెలి కుమారుని యింటికి మార్చుకొని, మధ్యాహ్న భోజనము మాత్రము మాసా యింట వెల యిచ్చి చేయునట్లు ఒప్పందము చేసికొంటిమి. మేము చేసినది సరియే యని నేటికిని నేను నిశ్చయముగా చెప్పలేను. ఆ గదులలోనికి మఱునాడే వేఱెవరో దిగిరి. వారెన్ని బాల్చీలు వాడిరో!

ఆ యింటి భోజనమును గూర్చి చెప్పక విడువరాదు. సజ్జరొట్టె, నేయి, ఎండిన కేరు కాయలు, సాంగ్రీ కాయలు కలిపి వండిన కూర, మజ్జిగతో సెనగపిండి కాచిన కఢీ. సాంగ్రీ యనగా జమ్మిచెట్టు కాయ. దసరానాడు మనము పూజించు జమ్మియే అచ్చట 'ఖేజడీ' యను పేర ఎడారివారికి కల్పవృక్షము. 1730 లో జోధపురము దగ్గఱి ఖేజడలీ గ్రామమున రాజభటులు ఆ చెట్లను కొట్టవచ్చినప్పుడు అమృతాదేవి యను బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకొని తల యిచ్చినదని, ఆమెతో పాటు 363 మంది ప్రాణములు విడిచిరని ఆ దేశమున చెప్పుదురు. ఈ కాయలను కోసి యెండబెట్టుకొన్నచో ఏడాది పొడుగున కూర దొరకును, వండుటకు నీరును కొంచెమే. హోటళ్లలో మనవారు కొందఱు ఇడ్లీయు, సాంబారును, పచ్చని ఆకుకూరలును కావలెనని పట్టుబట్టుట చూచితిని. ఆ బియ్యము, ఆ కూరలు వేఱొక దేశపు నీటితో పండి లారీలలో రావలెను గదా!

మఱునాడు గడీసర్ చెఱువు చూచితిమి. పదునాలుగవ శతాబ్దమున మహారావల్ గడసీ యను రాజు దీనిని త్రవ్వించెనందురు. చుట్టును మంటపములు, మెట్లు, గుడులు. ఇంతటి చెఱువు నిండుటకు నది లేదు, వాగు లేదు. చుట్టునున్న బీడుభూమిపై కురిసిన వానయే పల్లమునకు జాఱి వచ్చును. ఆ భూమిని 'ఆగోర్' అందురు. దానిని ఇంటి ముంగిలివలె శుభ్రముగా కాపాడుట ఊరివారి కట్టుబాటు. చెఱువు ద్వారమును తీలోఁ అను వేశ్య కట్టించినదని కథ. ఆమె కట్టించిన ద్వారము క్రిందుగా రాణులు నీటికి పోవుట అవమానమని రాజు దానిని పడగొట్టించబోగా, ఆమె దాని మీద కృష్ణాలయము కట్టించినదట. దేవుని గుడిని ఎవరు కూల్చగలరు? ద్వారము నిలిచినది. మా చిన్నది ఆ కథను మరల మరల చెప్పించుకొనినది.

సప్తసంతానములలో తటాకమును కుమారునితో సమానముగా చెప్పుట మీకు తెలిసినదే. గడసీ చెఱువు వెలసిన ఆ శతాబ్దముననే, మన కడప సీమలో పోరుమామిళ్ల చెఱువు వెలసినది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369 లో వేయించిన ఆ శాసనము సంస్కృత శ్లోకములలో మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను లెక్కించుచున్నది. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పని యని కూడ అందున్నది. ఒకరి నొకరు ఎఱుగని యీ రెండు దేశములవారు ఒకే కాలమున ఒకే పని చేసిరి. గడీసర్ మెట్లపై కూర్చుండి ఈ మాట మావారితో అనగా, "అనంతపురపు చెఱువును మనమెప్పుడు చూడబోయితిమి?" అని అడిగిరి. నేను మాటాడలేదు. నేను పుట్టింటినుండి వచ్చి పదునాఱేండ్లయినది.

మూడవనాడు పల్లెవైపు వెళ్లితిమి. ఎడారివారు నీటిని మూడు తెగలుగా చెప్పుదురు. వానగా పడి చెఱువున చేరినది 'పాలర్'. పాతాళమునుండి వచ్చునది, తఱచుగా ఉప్పనిది, 'పాతాళ' జలము. ఈ రెంటికి నడుమ ఇసుకలో చెమ్మగా చిక్కుకొని యుండునది 'రేజాణీ'. ఈ మూడవది నాకు మిక్కిలి వింతగా తోచినది. కొన్ని చోట్ల ఇసుక క్రింద సుద్దరాతి పొర యొకటి పఱచుకొని యుండును. ఇసుకలో ఇంకిన వాననీరు ఆ పొరను దాటి ఉప్పునీటిలో కలియజాలక, రేణువుల నడుమ నిలిచిపోవును. అచ్చట సన్నని గొయ్యి త్రవ్వి, అంచులకు గడ్డితాళ్లో ఱాళ్లో చుట్టినచో, చెమ్మ చుక్కచుక్కగా ఊరి అడుగున చేరును. దానిని 'కూయీ' అందురు. దినమంతయు ఊరినను రెండు మూడు కుండలకు మించదు. సాయంకాలమున మూత తీసి చేదుకొందురు. ఇంటింటికి ఒక కూయీ యున్నను ఆ నేల మాత్రము ఊరందఱి యుమ్మడి. క్రొత్తది త్రవ్వవలెనన్నచో ఊరివారి అనుమతి కావలెను. చెమ్మ యంతయు ఒక్కటియే గదా! ఒకరు చేదినది మఱియొకరికి తగ్గును.

అట్టి నేలలో పాలీవాలు బ్రాహ్మణులు గోధుమ పండించిరి. వాన నీరు పల్లమునకు జాఱుచోట పొడవైన మట్టికట్ట వేసి నిలిపి, అది ఇంకిన పిదప ఆ తడిలో విత్తనము చల్లుదురు. దీనిని 'ఖడీన్' అందురు. వారి కులధరా గ్రామము పందొమ్మిదవ శతాబ్దమున శూన్యమైనది. సాలింసింగను దివాను పెట్టిన బాధలు పడలేక ఒక్క రాత్రిలో ఊరు విడిచిరని కథ. నీరు తగ్గుటయే కారణమని మఱికొందఱి అభిప్రాయము. అచ్చట దయ్యములున్నవని చెప్పి యాత్రికులను రప్పించుట నాకు నచ్చలేదు. అంత తెలివిగా నీరు నిలిపినవారి యిండ్లను చూచి భయపడుట కంటె, ఆ కట్టలను చూచుట మేలు. అడిగినచో బండివాడు ఖడీన్ కట్ట వద్దకును తీసికొనిపోవును. మేమడిగితిమి, ఇట్లడిగినవారు మీరే యని వాడు నవ్వెను.

సమ్ అను చోట ఇసుకతిన్నెలు చూచుటకు జనము గుంపులుగా పోవుదురు. రాత్రియందు అచ్చటి డేరాలలో దీపములు, సినిమా పాటల హోరు, కొన్నింట ఈతకొలనులు కూడ. ఎడారిలో ఈతకొలను! ఆ తిన్నెల చెంతనే 1980 లో ఏర్పడిన ఎడారి జాతీయవనము కలదు. ఇప్పుడు నూఱు నూటయేబది మాత్రమే మిగిలినవని చెప్పబడు బట్టమేక పిట్టలలో అధికభాగము ఆ సీమలోనివే. మన నంద్యాల జిల్లా రోళ్లపాడున ఆ పిట్ట ఒకప్పుడు విరివిగా కనబడెడిది. మేము డేరాలకు పోక, ఒక పల్లెలో మాంగణియారుల పాట వింటిమి. వారు మహమ్మదీయులు, తరతరములుగా హిందూ యజమానుల యిండ్ల పెండ్లిండ్లకు, పురుళ్లకు పాడుట వారి వృత్తి, కృష్ణుని పాటలును పాడుదురు. కమాయిచా యను వాద్యము యొక్క గంభీరనాదము ఇప్పటికిని నా చెవిలో నున్నది. పాడినవారి చేతికే పైక మిచ్చితిమి, నడుమ ఎవరును లేకుండ.

నేడు జైసల్మేరు త్రాగునది పంజాబు నీరు. సట్లెజ్, బియాస్ నదులు కలియు హరికె వద్దనుండి బయలుదేరి, 650 కిలోమీటర్లకు ఇంచుమించుగా సాగు ఇందిరాగాంధి కాలువ పని 1958 లో మొదలైనది. అది రానిచో ఇంత పట్టణము ఉండజాలదు. కాని ఆ నీరు వచ్చిన పిదప ఆగోర్‌లు కొన్ని మురికిపడినవని, పిల్లలకు కూయీ మూత తీయుట రాదని మాసా చెప్పినది. "కాలువ ఎండిన నాడు?" అని అడిగి, తానే నవ్వి ఊరకుండెను.

మీరు వెళ్లదలచినచో కార్తికము మొదలు మాఘము వఱకు మంచికాలము. ధావళి యొకటి, ముదురురంగు బట్టలు నాలుగు, మరచెంబు ఒకటి వెంటనుంచుకొనుడు. ప్లాస్టిక్ సీసాలు కొనకుడు. ఆ ఖాళీ సీసాలు గాలికి ఎగిరి ఇసుకలోను, పశువుల కడుపులోను చేరుట చూచితిని. స్నానమునకు ఒక్క బాల్చీ చాలును, నాకు చాలినది. కోటలో సంభవనాథాలయము క్రిందనున్న జ్ఞానభండారమును తప్పక చూడుడు. పదునైదవ శతాబ్దమున జినభద్రసూరి యను జైనాచార్యుడు తాళపత్ర గ్రంథములను అచ్చట భద్రపఱచెను. తేమ లేని ఆ గాలివలన అవి చెడలేదు. మా పుట్టింటి అటకపై తాతగారి భాగవతము చెదలు తిని మన్నైనది. ఆ భండారపు నేల తాకి చూచితిని. పొడిగానే యున్నది.

బయలుదేరు నాడు మాసా కొండ దిగి వచ్చినది. తన పుట్టింటి కూయీ నీరని చెప్పి, చిన్న యిత్తడి చెంబు నిండ నింపి మూతకు గుడ్డ కట్టి మా చిన్నదాని చేతికిచ్చినది. తొణకకుండ దానిని ఒడిలో పెట్టుకొని పిల్ల జోధపురము వఱకు నిదురపోలేదు.